మారుకేక

పుంగనూరు నుంచి మదనపల్లెకు పోయే దారిలో, డ్రైవరుకు మనసైతే తప్ప బస్సు ఆగని మలుపొకటి ఉంది. అక్కడ దిగి మట్టిబాట పట్టుకొని పోతే మునీశ్వరి పుట్టిన ఊరు వస్తుంది. బోరులో నీళ్ళు పడినవాళ్ళకు టమాటా, పడనివాళ్ళకు వేరుశనగ, భూమే లేనివాళ్ళకు గొర్రెలు. ఊరు బతికేది ఇలా.

మునీశ్వరి గొర్రెల చెంగయ్య కూతురు. హార్స్లీ హిల్స్ కింది పల్లెకిచ్చి పెళ్ళి చేశారు. మొగుడు పోయాక తన వాటాకు వచ్చిన గొర్రెలను తోలుకొని పుట్టినూరికి తిరిగొచ్చింది. అప్పటికి తండ్రి లేడు. కొంతకాలానికి అన్నా పోయాడు. ఆ ఇంట్లో వదిన నాగమ్మ, ఆమె కొడుకు హరీష్ ఉండేవారు. మునీశ్వరి వాళ్ళ గోడ పక్కనే రేకుల కొట్టం వేసుకొని తన సంగటి తానే వండుకునేది. వేకువనే ఊరి ఆడవాళ్ళతో కలిసి ఆటో ఎక్కి మదనపల్లె మార్కెట్టుకు పోయి ఒక మండీలో టమాటాలు ఏరేది. పండుకాయ ఒక బాక్సుకు, దోరకాయ ఒక బాక్సుకు, మచ్చకాయ ఒక మూలకు. మధ్యాహ్నం తిరిగొచ్చి మందను విప్పేది.

ఆమె బడికి పోలేదు. చేతికి వచ్చిన పనులన్నీ పక్కన నిలబడి చూసి నేర్చుకున్నవే. తండ్రి దగ్గర నేర్చుకున్నవి మాత్రం రెండు: కర్ర పట్టడం, కేక వేయడం.

ఎరువు కోసం రైతులు గొర్రెల మందలను చేలల్లో ఆపుతారు. కాపరులు దూరం దూరంగా తలా ఒక చేలో పడుకుంటారు. తోడేలు కానీ దొంగ కానీ మీద పడితే ఒంటరి కాపరికి ఉండేది గొంతొక్కటే. అతను పొడుగ్గా ఒక కేక వేస్తాడు. విన్నవాడు ఎంత దూరాన ఉన్నా పొట్టిగా రెండుసార్లు పలుకుతాడు. దాన్ని మారుకేక అంటారు. మారుకేక వినబడగానే కాపరి పెనుగులాట మానేసి కింద కూర్చోవాలి. కంబళి తల మీదికి లాక్కొని, రెండు చేతులతో తల కప్పుకోవాలి. ఎందుకంటే వచ్చేవాళ్ళు చీకట్లో కర్ర తిప్పుకుంటూ, రాళ్ళు రువ్వుకుంటూ వస్తారు. నిలబడి ఉన్నది మనిషో మృగమో వాళ్ళకు తెలియదు.

"మారుకేక ఇనబన్న్యాక నీ పని అయిపోయినట్టే బిడ్డా. ఇంగ మిగిలింది వచ్చేవాళ్ళ పని" అనేవాడు చెంగయ్య.

ఈ విద్యను ఎవరికైనా నేర్పాలని మునీశ్వరికి ఎప్పుడూ తోచలేదు. కరోనా పోయిన తర్వాత ఒక ఏడు, మార్కెట్టుకు పోయే దారిలో ఆటోల కోసం నిలబడిన ఆడవాళ్ళను మోటారు సైకిళ్ళ మీద వచ్చి ఏడిపించడం ఎక్కువైంది. ఒక పిల్ల పైటకొంగు చక్రంలో పడి, బండి ఈడ్చుకుపోతే మోకాళ్ళు ఎముక కనబడేదాకా దోక్కుపోయాయి. ఆ సంగతి తెలిసి కుప్పం నుంచి జాహ్నవి అనే అమ్మాయి వచ్చింది. కుప్పంలో రైలెక్కి బెంగుళూరు పనులకు పోయొచ్చే ఆడవాళ్ళకు ఆమె, ఆమె స్నేహితులు ఆత్మరక్షణ నేర్పుతూ ఉండేవారు. కొన్ని ఆదివారాలు మార్కెట్ యార్డులోనే ఖాళీ బాక్సులు పక్కకు జరిపి ఇక్కడివాళ్ళకు నేర్పింది. గట్టిగా వద్దనడం, అడుగు వెనక్కి వేసి నిలదొక్కుకోవడం, పట్టుకున్న మణికట్టును బొటనవేలి వైపు నుంచి విడిపించుకోవడం, సాయం అడగడం.

అంతా చూసి మునీశ్వరి, "కేకెయ్యడం బాగుండాది. ఎవురు పలకాల?" అని అడిగింది.

జాహ్నవికి అర్థం కాలేదు. మునీశ్వరి యార్డు ఆ చివరికి నడిచిపోయి, అక్కడినుంచి తండ్రి నేర్పిన కేక వేసి, మారుకేక ఎలా ఉండాలో చెప్పి, కింద కూర్చొని తల ఎలా కప్పుకోవాలో చూపించింది. జాహ్నవి తానూ అలాగే కింద కూర్చొని, తల కప్పుకొని చూసింది.

"మా దగ్గర ఇదొక్కటే లేదక్కా" అంది లేస్తూ. "అరిసేది నేర్పిస్తాండాం. అరుపుకు పలికేది ఎవురూ నేర్పియ్యలా."

అలా మునీశ్వరి పాఠాలు చెప్పే మనిషైంది.

ఊళ్ళో నేర్పడానికి చోటు కుదరలేదు. ఎస్సీ కాలనీలో పెడితే గొర్రెలవాళ్ళు రారు, గొర్రెలవాళ్ళ దొడ్లో పెడితే కాలనీవాళ్ళను రానివ్వరు. ఊరికి ఎడంగా రెడ్డెప్ప కళ్ళం ఉంది. నూర్పిడి మిషన్లు వచ్చినాక అది ఊరకే పడి ఉంది, నేల మాత్రం ఇంకా అరచెయ్యిలా చదును. రెడ్డెప్ప భూమి ఉన్న మనిషి, నలుగురిలో మాట చెల్లే మనిషి. మునీశ్వరి పోయి అడిగింది.

"నేర్పుకో. బస్సులోనో మార్కెట్లోనో ఎవుడన్నా చెయ్యేస్తే ఆ చెయ్యి ఇరగ్గొట్టండి. స్టేషన్‌కు గూడా నేనొస్తా. కానీ ఒగటి."

"చెప్పన్నా."

"ఇది గడప లోపలికి రాకూడదు. మొగుడూ పెండ్లాం, అత్తా కోడలు, ఈ నడమకు మీ కర్రా రాకూడదు, మీ కేకా రాకూడదు. వస్తే రేపు ఊర్లో మొగోళ్ళంతా నా మింద పడతారు, మా ఇండ్లల్లో కొట్లాటకు నీ కళ్ళమే దొరికిందా అని. మంద మింద ఆన పెట్టి చెప్పు."

గొర్రెలవాళ్ళు దేని మీదైనా ఒట్టు పెట్టి తప్పవచ్చు, మంద మీద ఆన పెట్టి తప్పరు. తప్పితే చిటుకు రోగం వచ్చి దొడ్డి దొడ్డంతా ఖాళీ అవుతుందని నమ్మకం. మునీశ్వరికి ఉన్నదంతా ఆ మందే. ఆమె ఆలోచించింది. కాపరి లెక్క ఒకటుంది: ఒక గొర్రె పోయినా మిగిలినవి దొడ్డికి చేరితే ఆ పొద్దు గడిచినట్టే. ఈ షరతు ఒప్పుకోకపోతే ఒక్క ఆడది కూడా కళ్ళానికి రాదు. ముందున్న గొర్రె తల మీద చెయ్యి పెట్టి ఆన పెట్టింది.

జాహ్నవికి ఫోన్లో చెబితే ఆమె ఒప్పుకోలేదు. "చెయ్యి చేసుకొనేవాళ్ళల్లో ఇంట్లోవాళ్ళే ఎక్కువక్కా. ఆ పాఠం తీసేస్తే ఇంగేముండాది?"

"ముందు వాళ్ళను గడప దాటి రానీమ్మా. వచ్చినాక సూస్తాం."

వచ్చారు. మొదటి రోజు కాలనీ ఆడవాళ్ళు ఒక అంచున, గొర్రెలవాళ్ళ ఆడవాళ్ళు ఇంకో అంచున నిలబడి నడిమి కళ్ళాన్ని మునీశ్వరికి వదిలేశారు. మణికట్టు పట్టు చూపించడానికి జతలు కావాలి. కాలనీ నుంచి వచ్చిన మారెమ్మ ముందుకొచ్చి నాగమ్మ ఎదుట చెయ్యి చాపింది.

"పట్టుకో పెద్దమ్మా. ఇంటికి పోయి నీళ్ళు పోసుకొందువుగాని."

నాగమ్మ మొహం ఎర్రబడింది. తర్వాత ఆమే నవ్వేసింది. "పోసుకొనేదానికి యాడుండాయి నీళ్ళు, బోరు ఎండిపోయి నెలయింది" అని చెయ్యి పట్టుకుంది. ఆ మాటకు రెండు అంచులూ నవ్వాయి. ఆ రోజు నుంచి పాఠం నడిచింది.

ఆ ఏడే హరీష్‌కు పెళ్ళయింది. హరీష్ టమాటా బాక్సులు తోలే మినీ లారీ డ్రైవరు. పెళ్ళికూతురు సౌమ్యది కుప్పం పక్క శాంతిపురం. తండ్రి శివశంకర్ గ్రానైట్ పాలిష్ పని చేస్తాడు. కోడలు వచ్చిన నెలకే నాగమ్మ ఆ పిల్లను చెయ్యి పట్టుకొని కళ్ళానికి తెచ్చింది. "దీనికి నోరు తప్ప ఏమీ లేదు మునీశ్వరీ, కొంచెం చేతులు గూడా ఇయ్యి" అని అప్పగించింది.

సౌమ్యకు చేతులు ముందే ఉన్నాయి. తండ్రి దగ్గర రాళ్ళు జరిపిన చేతులవి. నేర్పిన దాన్ని ఒకసారి చూసి, రెండోసారికి చేసి, మూడోసారికి ఎక్కడ తప్పుతుందో పట్టుకునేది. "చిన్నత్తా, బొటనేలు లేనోడు పట్టుకుంటే యెట్ల?" అని అడిగి అందరినీ నవ్వించేది. మునీశ్వరికి పిల్లల్లేరు. ఆ పిల్ల మీద ఆమెకు పెరిగింది ఇష్టం అనడం చాలదు. మంచి పనివాడికి తన పనిముట్టు పట్టుకోగల ఇంకొక చెయ్యి దొరికితే ఎలా ఉంటుందో అది. జాహ్నవి కుప్పం పిలిచినప్పుడల్లా సౌమ్యను వెంటబెట్టుకొని పోయేది. రైలు ఆడవాళ్ళ ముందు సౌమ్య కేక వేస్తే ప్లాట్‌ఫారం అంతా తల తిప్పేది.

మునీశ్వరి వెంట సౌమ్య కూడా టమాటాలు ఏరడానికి పోయేది. ఒక రోజు మదనపల్లె యార్డులో, పక్క మండీలో లోడెత్తే ఒకడు బాక్సుల వరస సందులో సౌమ్య నడుము మీద చెయ్యి వేశాడు. సౌమ్య ఒక్క మాట అరిచి, ఆ చెయ్యి పట్టి తిప్పింది. వాడు టమాటాల రాశి మీద మోకాళ్ళ మీద పడ్డాడు. ఆడవాళ్ళు చుట్టూ మూగారు. మండీ యజమాని వాడిని అప్పటికప్పుడు పనిలోంచి తీసేశాడు. ఆ రోజు ఆటోలో ఊరికి వచ్చేదాకా ఆడవాళ్ళు వాడు పడిన తీరు మళ్ళీ మళ్ళీ చెప్పుకొని నవ్వారు. మునీశ్వరి పైకి ఏమీ అనలేదు కానీ, జీవితంలో ఒక పని సరిగా చేశానని ఆ సాయంత్రం అనుకుంది.

మగవాళ్ళు ఆ కథను వేరేగా చెప్పుకున్నారు. టీ అంగడి దగ్గర హరీష్ కనబడితే, "ఏం హరీషూ, ఇంట్లో నిన్ను గూడా అట్లే ఏస్తాందా?" అని ఒకడు, "చెయ్యి సూపించప్పా, యాడన్నా వాచిందేమో" అని ఇంకొకడు. హరీష్ మొదట నవ్వాడు. కొన్నాళ్ళకు టీ అంగడికి పోవడం మానేశాడు. తర్వాత సౌమ్యను యార్డుకు పోవద్దన్నాడు. నాగమ్మ కూడా అవునంది. సౌమ్య వినలేదు.

"చిన్నత్తా, వాడి చూపు బాగలేదు" అని ఒకసారి కళ్ళంలో మెల్లగా అంది.

మునీశ్వరి ఆ మాట విన్నది. "మాట్లాడతాలే" అంది. మేనత్తగా హరీష్‌తో మాట్లాడింది కూడా. హరీష్ తల ఊపి, "నువ్వు నేర్పిందే గదత్తా" అని వెళ్ళిపోయాడు. అంతకు మించి ఏం చెయ్యాలో జాహ్నవి పాఠంలో ఉంది. ఆ పాఠాన్ని మునీశ్వరి తీసేసింది.

అది ఆదివారం, పొద్దువాలే వేళ. మునీశ్వరి మందను తోలుకొని ఊళ్ళోకి వస్తూ ఉంది. తన పుట్టింటి లోపలి నుంచి కేక వినబడింది. పొడుగు కేక. సౌమ్య గొంతు.

ఆలోచనకు ముందే మునీశ్వరి గొంతు పలికింది. పొట్టిగా రెండుసార్లు. కర్ర చేతిలోనే ఉంది. పరిగెత్తింది. కట్టెలమోపు కింద పడేసి మారెమ్మ వచ్చింది. పక్కిళ్ళ నుంచి ఇంకొందరు వచ్చారు. అందరూ కళ్ళంలో నేర్చుకున్నవాళ్ళే.

నాగమ్మ వాకిట్లో, ద్వారబంధానికి రెండు చేతులూ అడ్డంపెట్టి నిలబడి ఉంది. వెనక తలుపు వేసి ఉంది.

"తప్పుకో వదినా."

"యాడికి? ఇది ఇంటి సంగతి."

"బిడ్డ కేకేసింది వదినా."

"ఎయ్యదా మరి, మొగుడు కొడితే నవ్వుతారా ఎవురన్నా? గడప లోపలికి రామని ఒప్పుకొనింది నువ్వే గదా. మంద మింద ఆన పెట్టి ఒప్పుకొంటివి. నీ మంద నీ ఎనకాలే ఉండాది, ఎనిక్కి తిరిగి సూడు."

తోలేవాళ్ళు లేక మంద ఆమె వెంటే వీధిలోకి వచ్చి, వాకిలి నిండా నిలబడి ఉంది. మునీశ్వరి వెనక్కి చూసింది. అలా చూడడమే తప్పు. ముందుకు తిరిగేసరికి నాగమ్మ గొంతు తగ్గించింది.

"మీ అన్న నన్ను కొట్టినప్పుడు యాడుంటివి నువ్వు? పెండ్లి కాకముందు ఈ ఇంట్లోనే, ఆ పొయ్యికాడ సంగటి కెలకతాంటివి. నేను కేకేస్తి. నువ్వు తెడ్డు గూడా కింద పెట్టలా. అప్పుడు రాని ఆడబిడ్డ ఇప్పుడు యాల వస్తాంది?"

నాగమ్మ అబద్ధం చెప్పలేదు.

లోపల అప్పటిదాకా పెనుగులాట చప్పుడు ఉండింది. గిన్నెలు దొర్లడం, గోడకు ఒళ్ళు తగలడం, హరీష్ రొప్పు. అది ఉన్నట్టుండి ఆగింది. తగువు చల్లారిందని అందరూ అనుకున్నారు. నాగమ్మ కూడా అలాగే అనుకున్నట్టుంది, భుజాలు కొంచెం దించింది. ఆ తర్వాత వచ్చిన చప్పుడు వేరు. అది ఒకే చోట, ఒకే తీరున పడుతున్న దెబ్బ.

"పోదాం పా అక్కా" అంది మారెమ్మ. ఆ ఇంటి గడప మారెమ్మ ఎన్నడూ దాటలేదు. కాలనీవాళ్ళు దాటే గడప కాదు అది. అయినా ఒక అడుగు ముందుకు వేసింది. వేసి మునీశ్వరి మొహం చూసి ఆగింది. వెనక ఉన్నవాళ్ళు మారెమ్మను చూసి ఆగారు.

తలుపు లోపలి నుంచే తెరుచుకుంది. హరీష్ బయటికి వచ్చాడు. చేతిలో లారీ జాకీ రాడ్డు ఉంది. ఎవరినీ చూడలేదు. నాగమ్మ పక్కకు జరిగింది. ఆమె ఎదుట నిలబడిన ఆడవాళ్ళూ, మగవాడు ఎదురొస్తే ఎప్పుడూ తప్పుకున్నట్టే తప్పుకొని దారిచ్చారు. మునీశ్వరి కూడా తప్పుకుంది. కర్ర ఆమె చేతిలోనే ఉంది. గొర్రెలు మాత్రం చప్పున జరగక, అతను వాటిని కాళ్ళతో నెట్టుకుంటూ పోయాడు.

లోపల సౌమ్య పొయ్యి మూలన గొంతుక్కూర్చొని ఉంది. రెండు చేతులూ తల మీద కప్పుకొని, మోచేతులు దగ్గరికి చేర్చుకొని, కళ్ళంలో నేర్పినట్టే. తల మీద దెబ్బ పడలేదు. పడవలసినవన్నీ ఆ చేతుల మీదే పడ్డాయి. "తియ్యమ్మా, మేమొచ్చినాం" అంటే ఆమె చేతులు తీయలేదు. తీయలేకపోయింది.

మదనపల్లె ఆసుపత్రిలో రెండు చేతులకూ ఆపరేషన్ చేశారు. కుడిది కొంత కుదిరింది. ఎడమది మోచేతి దగ్గర అతుక్కోవడమే వంకరగా అతుక్కుంది. శివశంకర్ వచ్చి కూతురిని శాంతిపురం తీసుకుపోయాడు. కేసు పెట్టారు. హరీష్ కొన్నాళ్ళు లోపల ఉండి బెయిలు మీద వచ్చి మళ్ళీ లారీ తోలుకుంటున్నాడు. టీ అంగడి దగ్గర ఇప్పుడు అతన్ని ఎవరూ ఏమీ అనరు.

మునీశ్వరిని ఒక్క సంగతి తినేసింది. వాకిట్లో ఆగిపోవడం సరే, అది తన పాపం, అది ఆమెకు తెలుసు. లోడెత్తే మనిషిని మోకాళ్ళ మీద కూలేసిన పిల్ల, హరీష్ లాంటి బక్కోడి చేతిలో ఊరకే మూలన ఎందుకు కూర్చుందో ఆమెకు తట్టలేదు. కర్ర పట్టే పని తెలిసిన మనిషికి అది నిద్ర పట్టనివ్వని లెక్క.

ఒక పొద్దు రెడ్డెప్ప దగ్గరికి పోయింది.

"నా ఆన ఎనక్కి తీసుకొంటాండానన్నా."

"ఆన ఎనక్కి తీసుకొనేది యాడన్నా ఉందా?" అన్నాడు రెడ్డెప్ప. కొంచెం సేపయ్యాక, "లోపలికి పోవద్దంటి. సావనీయండి అన్లేదు నేను" అన్నాడు. ఆ మాట తనకే చెప్పుకున్నట్టు ఉంది.

"ఆ రెండిటికీ నడమ ఉండేది ఒగ గడపే గదన్నా."

"కళ్ళం నీదే. మాట మాత్రం మార్చొద్దు."

"అయితే కళ్ళమే వద్దులే."

ఆమె ఆ మాట అని వచ్చేసిన రోజు నుంచి మంద వైపు చూస్తూ బతికింది. చిటుకు రోగం రాలేదు. ఆ ఏడు ఒక్క గొర్రె కూడా తుమ్మలేదు. ఈనినవన్నీ ఆరోగ్యంగా ఈనాయి. కొన్ని రెండేసి పిల్లలను ఈనాయి. ఊళ్ళోవాళ్ళు మంద బాగా పెరిగిందంటే మునీశ్వరి దొడ్లోకి పోయి తడిక మూసుకునేది.

పాఠం మదనపల్లె యార్డుకు మారింది. ఖాళీ బాక్సుల నడుమ, పని అయిపోయినాక. గొర్రెలవాళ్ళ ఆడవాళ్ళు రావడం మానేశారు. మారెమ్మ వచ్చేది, కాలనీ నుంచి ఇంకొందరు వచ్చేవారు. మణికట్టు పట్టులూ అడుగులూ నేర్పేది కానీ, కేక దగ్గరికి వచ్చేసరికి మునీశ్వరి, "ఇంకో దినం సూస్తాం" అనేది.

శాంతిపురానికి ఆమె ఇంతకుముందు ఒకసారి పోయింది. శివశంకర్ వాకిట్లోనే నిలబెట్టి, "మీ ఊరోళ్ళ మొగం మాకు సూపించొద్దమ్మా" అని లోపలికి వెళ్ళాడు. ఆమె మారుమాట లేకుండా తిరిగొచ్చింది. మొన్న ఎండలు తగ్గినాక మళ్ళీ పోయింది. పుంగనూరులో ఎక్కి, పలమనేరులో కుప్పం బస్సు మారి, దారిలో శాంతిపురంలో దిగింది. ఎందుకు పోతున్నదో ఎవరికీ చెప్పలేదు. సౌమ్యను మళ్ళీ పాఠానికి పిలవాలని ఆమె మనసులో ఉంది. రైలు ఆడవాళ్ళ దగ్గర కుప్పంలోనే ఉండి నేర్పవచ్చు, జాహ్నవి ఉంది, అనుకుంది.

శివశంకర్ పనికి పోయి ఉన్నాడు. సౌమ్య తల్లి జయలక్ష్మమ్మ వసారాలో కూతురికి జడ వేస్తూ ఉంది. మునీశ్వరిని చూసి దువ్వెన ఆపింది, మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. మునీశ్వరి మెట్టు మీద కూర్చుంది. గ్రానైట్ పాలిష్ మిషన్ల రొద దూరం నుంచి వినబడుతూ ఉంది.

"మంద యెట్లుండాది చిన్నత్తా?" అని సౌమ్యే ముందు అడిగింది.

"బాగుండాది."

"మారెమ్మక్క?"

"వస్తాండాది పాఠానికి. నువ్వెట్లుండావమ్మా?"

"ఇట్లుండా."

జడ చివర రబ్బరు బిగించి జయలక్ష్మమ్మ లోపలికి వెళ్ళింది. మునీశ్వరి ఇన్ని నెలలు మోసుకొచ్చిన ప్రశ్నను ఎత్తలేక ఎత్తింది.

"నువ్వు వాడి చెయ్యి పట్టలేకపోతివా బిడ్డా? అంత వచ్చు గదా నీకు. యాల కూకొంటివి?"

సౌమ్య ఆమె వైపు ఆశ్చర్యంగా చూసింది. తెలియకుండా అడుగుతున్నదా అని చూసినట్టుంది.

"పట్టుకొనే ఉండా చిన్నత్తా. రాడ్డు పట్టిన చెయ్యే పట్టుకొన్న్యా. గోడకు నొక్కిపెట్టినా గూడా. అప్పుడే కేకేస్తి. నువ్వు పలికితివి."

"పలికింది నేనే" అంది మునీశ్వరి.

"నీ గొంతే. రెండు తూర్లు. ఇంగ వచ్చేసినారనుకొంటి. మీ కర్రలు తిరిగేదానికి అడ్డం ఉండకూడదని వాడి చెయ్యి ఇడిసిపెట్టి కూకొంటి. తల కప్పుకొంటి." సౌమ్య గొంతులో కోపం లేదు. పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది. "వాడు కొడతాండాడు. నేను లెక్కపెట్టుకొంటాండా, ఇప్పుడొస్తారు, ఇప్పుడొస్తారు అని. బయట మీ మాటలు ఇనబడతానే ఉండాయి."

పాలిష్ మిషను ఆగింది, మళ్ళీ మొదలైంది.

"రాలేనప్పుడు పలకొద్దు చిన్నత్తా" అంది సౌమ్య. "నువ్వు పలక్కుండా ఉండింటే నేను ఆ చెయ్యి ఇడిసేదాన్ని కాదు."

మునీశ్వరికి ఆ లెక్క తేలింది. తండ్రి నేర్పింది తప్పు కాదు, సౌమ్య చేసింది తప్పు కాదు. తాను ఒక్క గొంతుతో మాట ఇచ్చి, ఒక్క అడుగుతో తీసేసుకుంది. కర్ర లేకుండా, చెయ్యి ఎత్తకుండా, ఆ పిల్ల పట్టును విడిపించింది తానే.

"మానేసేదా నేను? ఈ నేర్పేది?" అని అడిగింది.

"మానొద్దు." సౌమ్య ఆలోచించింది. "జాహ్నవక్క పాఠం ఒగటి తీసేస్తివంట గదా, ఇంట్లోవాళ్ళది. నాకు ఆ యక్క మొన్న వచ్చినప్పుడు చెప్పింది. దాన్ని మొదట చెప్పు. మిగిలినవి తర్వాత."

"నువ్వొచ్చి చెప్పమ్మా. నీకంటే బాగా ఎవురు చెప్తారు. కుప్పంలోనే, ఇంటికి దగ్గర."

సౌమ్య రెండు చేతులూ ముందుకు చాపి పైకి లేపింది. కుడి చెయ్యి భుజం దాకా వచ్చింది. ఎడమ చెయ్యి రొమ్ము దగ్గర ఆగి వణికింది. అలాగే కొంచెం సేపు పట్టి చూపించి దించుకుంది.

"ఇంతే లేస్తాయి" అంది. "నన్ను సూస్తే నేర్చుకొనేవాళ్ళకు భయమైతాది. భయపెట్టి యేం నేర్పిస్తాం."

జయలక్ష్మమ్మ పళ్ళెంలో సంగటి, ఊరిబిండి పచ్చడి తెచ్చి మునీశ్వరి ముందు పెట్టింది. "తిని పో" అంది, మొహం చూడకుండా. తన కూతురికి ముద్దలు చేసి తినిపించడం మొదలుపెట్టింది. మునీశ్వరి ఆ పిల్ల నోట్లో తల్లి పెడుతున్న ముద్దను చూస్తూ, తన పళ్ళెంలోది ఎలాగో మింగింది. వదిలేస్తే ఆ ఇంటిని ఇంకోసారి కాదన్నట్టు అవుతుందని మింగింది.

లేచేటప్పుడు సౌమ్య కూడా లేచి వాకిలిదాకా వచ్చింది.

"ఇంగ రావద్దు చిన్నత్తా. నీ మింద కోపం లేదు. నువ్వొచ్చి పోతే మా నాయన దినమంతా మాట్లాడడు. నాకు గూడా ఆ పొద్దు మళ్ళీ మొదలైతాది."

"సరేమ్మా" అంది మునీశ్వరి. అంతకంటే ఆ పిల్లకు ఇవ్వగలిగింది ఆమె దగ్గర ఏమీ లేదు.

శాంతిపురంలో బస్సెక్కింది. పలమనేరులో దిగి పుంగనూరు బస్సు మారింది. సాయంత్రం బస్సు, పనుల నుంచి ఇళ్ళకు పోయే ఆడవాళ్ళతో నిండుగా ఉంది. పక్కన ఒక పిల్ల వచ్చి కూర్చుంది. ఒడిలో కూరగాయల సంచి, వేళ్ళకు టమాటా ఆకు పసరు. ఆ పిల్ల ఎవరో మునీశ్వరికి తెలియదు.

"యాడికి పోయొస్తాండావు పెద్దమ్మా?"

"శాంతిపురం. మా కోడలుండాది ఆడ."

"పుట్టినింటికి పోయిందా? బాగుండాదా?"

"బాగుండాది" అంది మునీశ్వరి. ఇంటి సంగతి అడిగితే ఎవరైనా అనే మాట, తాను బతుకంతా అన్న మాట. బస్సు కదిలింది. కండక్టరు వచ్చి టిక్కెట్టు ఇచ్చి పోయాడు. ఆమె ఆ టిక్కెట్టును మడిచి, మళ్ళీ విప్పి, మళ్ళీ మడిచింది.

"లేదమ్మా" అంది. "బాగలేదు. దాన్ని దాని మొగుడు కొట్టినాడు. మా అన్న కొడుకే. నేను వాకిట్లోనే ఉండా."

గొంతు పెద్దదిగానే వచ్చింది. ముందు సీటులో ఇద్దరు ఆడవాళ్ళు వెనక్కి తిరిగారు. పక్కనున్న పిల్ల సంచిని కిందపెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకొని, ఆమె వైపు తిరిగి కూర్చుంది. మునీశ్వరి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.